చీలిన పెదవి దూడ

కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెకు నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది వానలు మొహం చాటేశాయి. చేలో వేరుశనగ మాడిపోయింది. ఇంటికి ఆదరువల్లా ఒక్క ఆవు. అది ఈనిందని సంబరంగా దొడ్లోకి పరుగెత్తానా, దూడను చూడగానే గుండె జారిపోయింది. మూతి ఒక పక్కకు వంకరపోయి, పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది. ఎంత చీకినా ఆ సందులోంచి గాలి పోయేదే గానీ పాలు వచ్చేవి కావు. తాగకపోతే దూడ బతకదు. దూడ లేకపోతే మా ఆవు చుక్క పాలు కూడా వదలదు.

ఊళ్లో మాత్రం వింత మూతితో బసవన్నే పుట్టినాడని ఒకటే గోల. తెల్లారేసరికి పసుపు కుంకుమలు, టెంకాయలు పట్టుకుని ఆడవాళ్లంతా మా దొడ్లో దిగిపోయారు. పక్కింటి పెద్దావిడ చెంబెడు పాలు తెచ్చి దూడ నెత్తిన పోసింది. ఆకలికి కాళ్లు వణుకుతున్న పసిదానికి పాలతో తలస్నానం! వీళ్ల భక్తి తగలెయ్య. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, కొత్త కోడలిని కదా, నోరు మెదపలేదు.

ఆ కొరత మా అత్త తీర్చింది. రెండో చెంబు లేచేలోపే ఆ పెద్దావిడ చేయి పట్టుకుంది.

"ఏమక్కా, బసవన్నకి నోరు యాడుండాదో తెలీదా నీకి? నెత్తితో తాగుతాడా?"

"మొక్కుకున్నా కదమ్మే."

"మొక్కుకో, ఎవరొద్దన్నారు? ముందు ఆ మెడ పట్టుకో."

అత్త ఆవు పక్కన గొంతుక్కూర్చుని, చన్ను దూడ నోట్లో పెట్టి, పెదవి చీలికను అరచేత్తో గట్టిగా మూసింది. జారింది. మళ్లీ మూసింది. కాసేపటికి గుటక వినపడింది.

"తాగుతాండాడే" అంది పెద్దావిడ, మెడ వదలకుండా. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఇక పూటపూటకూ అత్త చెయ్యి ఉంటేనే దూడకు పాలు. తన చెల్లెలి కూతురి పెళ్లికి పిలుపొస్తే, "నా చెయ్యి ఈడ పనిలో ఉండాది, మీరు పోయి రాండి" అనేసింది. దూడ ఒళ్లు చేసింది, గెంతులు నేర్చింది.

ఒకరోజు పొద్దున్నే అత్త దొడ్లోకి వెళ్లేసరికి, దూడ మెడ వంచి, చీలికను పొదుగుకు అదిమిపెట్టి, తనంతట తానే తాగుతోంది. అలవాటుగా చెయ్యి పెట్టబోతే తలతో ఒక్క తోపు తోసింది.

"ఇంగ నాతో పనిలేదంట వీనికి" అని అత్త పకపకా నవ్వింది. ఊరంతా తిరిగి చెప్పుకొచ్చింది. మధ్యాహ్నం సంగటి పెడితే మాత్రం ఆకలి లేదంది.