ఎర్ర పోగు పైకి

మా వీధిలో ఎండలు ముదిరాయని తెలుసుకోవడానికి ఆకాశం చూడనక్కర్లేదు. మగ్గాల చప్పుడు తగ్గేది. నేతగాళ్ళ కాళ్ళలోంచి నారికురుపు పురుగు బయటపడే కాలం అది. ముందు చీలమండ దగ్గర నిప్పు పెట్టినట్టు మంట. తర్వాత బొబ్బ. బొబ్బ పగిలితే తెల్లటి దారంలాంటి పురుగు. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకింత లాగాలి. తొందరపడి తెంపితే కాలంతా చీము.

మావి గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, కింది కర్రలు తొక్కుతూ నేస్తారు. కాలు లేనిదే మగ్గం లేదు. మా బాపుకు, అంటే నాన్నకు, వరుసగా రెండు ఎండాకాలాలు ఒకే కాలికి వచ్చింది. మూడోసారీ అదే కాలికి వస్తే కీలు బిగుసుకుపోతుందని, ఇక తొక్కలేడని దవాఖాన డాక్టరు చెప్పాడు. యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనంగా ఉంటే, ఉన్న నూలు నేసే కాలు కూడా పోతుందన్నమాట.

నేను అప్పుడే బడి ముగించాను. సాయంత్రాలు ఊళ్ళో పత్రికలు చదువుకునే చదువుల గదిలో బాల్యవివాహాల మీద, అంటరానితనం మీద, బాణామతి చేతబడుల మీద గొంతు చించుకుని వాదించేవాణ్ణి. నారికురుపు నాగదోషమని ఎవరో అంటే ఒక సాయంత్రమంతా కొట్లాడాను. నాగదోషం కాదని నిరూపించాను కానీ, మరేమిటో నాకూ తెలియదు. నీళ్ళ మీద అనుమానంతో, తెల్లవారి చెంబుతో మా దిగుడుబావి నీళ్ళు పట్టుకుని దవాఖానకు పోయాను.

డాక్టరు ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, "కన్ను పెట్టు బేటా" అన్నాడు.

గాజులాంటి ఒంటితో చిన్న జీవి. దానికి ఒక్కటే కన్ను. దాని కడుపులో చుట్టలు చుట్టుకుని ఇంకో జీవి కదులుతోంది.

"లోపలున్నది మీ బాపు కాల్లోంచి వచ్చినదాని పిల్ల. ఈ నీళ్ళు తాగినోనికి మళ్ళీ ఎండలకు కాల్లో లేస్తది" అన్నాడు.

నేను బయటికి వచ్చి ఎండలో అలాగే నిలబడిపోయాను. నిన్న బాపు పుల్లకు చుట్టిన పురుగు పోయిన ఏడాది తాగిన నీళ్ళలోదా! ఏడాది పాటు మనిషి తింటూ, నేస్తూ, నవ్వుతూ ఉంటే అది చడీచప్పుడు లేకుండా లోపల పెరిగిందా! ఒక బావినీ, ఒంటికన్ను జీవినీ, నేతగాడి చీలమండనూ కలిపి కట్టిన ఆ ముడిని పోగు పోగునా మనసులో మళ్ళీ వేసి చూశాను. దేవుడు వేశాడన్నా, దేవుడు లేడన్నా ఆ ముడి అందం అంతే. దాన్ని ఎక్కడ విప్పాలో కూడా కనబడుతోంది. చూశాక చూడనట్టు ఇంటికి పోయి అన్నం తినలేను.

తిన్నగా బావికి పోయాను. కాలు మండేవాళ్ళు అడుగు మెట్టు మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టుకోవడం మా దగ్గర ఆచారం. కడవలతో వచ్చిన ఆడవాళ్ళు వాళ్ళకు తొవ్వ ఇచ్చేవారు, అంబలి తెచ్చిపెట్టేవారు. ఆ దయే మా కొంప ముంచింది. నీళ్ళు తగలగానే పురుగు పిల్లల్ని వదులుతుంది; వాటిని ఆ ఒంటికన్ను జీవి మింగుతుంది. ఆ రోజు ఆ మెట్టు మీద మా పెద్దవ్వ, అంటే బాపు వదిన, కూర్చుని ఉంది.

"పెద్దవ్వా, కాలు తియ్యి. నీ కాల్లె పురుగు నీళ్ళల్ల పిల్లల్ని ఇడుస్తుంది. గవే మనం తాగుతున్నం."

"నీ సదువు మన్నువడ! నా కాలు మండుతుంటే నీకు పురుగు పిల్లల ముచ్చటారా?"

కడవలు నింపేవాళ్ళంతా నవ్వారు. "మొన్న దేవుడు లేడన్నడు, ఇయ్యాల కాలు వెట్టొద్దంటుండు" అంది ఒకామె.

"బాపు కాలు యాది చేస్కో పెద్దవ్వా. ఇంకోపారి వస్తే మగ్గం గుంటల దిగుడు లేదట."

పెద్దవ్వ తన కాలి వంక చూసుకుంది. "తీస్తగని, గీ మంట ఎట్ల సల్లారాలె? నీ సైన్సు సల్లగుంటదా?"

చదువుల గదిలో నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. జవాబుగా నీళ్ళు చేది, మా ఇంటి ముందు నీడలో పెద్ద మట్టి గోలెం నింపాను. కాలు మండేవాళ్ళు అందులో పెట్టుకోవాలి. ఆ నీళ్ళు బావికి దూరంగా, ఎండకు కాలే బండ మీద పారబోయాలి. పొద్దునా సాయంత్రం మోసేది నేనే. "ఉపన్యాసాలు ఇచ్చెటోడు నీళ్ళు మోస్తుండు" అని తోటివాళ్ళు ఎగతాళి చేశారు. చెప్పినవాడే మొయ్యాలి, లేకపోతే చెప్పకూడదు. ఇది ఇప్పటికీ నా మాటే. మెట్లు దిగే హక్కు లేని కులాలవాళ్ళు బావి గట్టున నిలబడి, ఎవరైనా పోస్తే పట్టుకునేవారు. పురుగుకు ఆ పట్టింపు లేదు. వాళ్ళ వాడలోనూ ఒక గోలెం పెట్టాను. ఎగతాళి తిట్లయింది. నేను ఆగలేదు.

ఆ ఒంటికన్ను జీవి కడవలో పడకుండా నీళ్ళు గుడ్డతో వడగట్టాలని బాపుకు చెప్పాను.

"ఫాయిదా ఉన్నదో లేదో ఎప్పుడు తెలుస్తది?"

"ఏడాదికి."

"అంటే నీ మాటకు నా కాలే సాక్ష్యమన్నట్టు."

"అవు బాపూ."

ఆయన పాత ధోవతి ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. "గిది జల్లెడ. ఏనుగులు పోతయి" అని పక్కన పడేసి, ఉన్న కొద్ది నూలుతో దిట్టంగా, ఒత్తుగా గుడ్డ నేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, మొదటిరోజు వడగట్టింది. రెండోరోజు అదే గుడ్డను తిరగేసి కట్టింది. నిన్న చిక్కిన పురుగులన్నీ కడవలోకే పోతాయి! నేను లబలబలాడుతుంటే, బాపు గుడ్డ ఒక మొఖాన ఎర్ర పోగు ముడేశాడు. "ఎర్ర పోగు పైకి. గంతే." ఆ మాట వీధంతా పాకింది. ఆయన వీధంతటికీ నేశాడు.

మళ్ళీ ఎండలు వచ్చాయి. బాపు మగ్గం గుంటలోకి దిగేముందు రోజూ కాలు తడిమి చూసేవాణ్ణి. మేం వడగట్టడం మొదలుపెట్టేసరికే పోయిన ఎండలు సగం గడిచాయి. అంతకుముందు తాగినది ఎవరి ఒంట్లో ఉందో తెలియదు. బాపుకు రాలేదు. పెద్దవ్వకు వచ్చింది.

"ఏదిరా నీ గుడ్డ?"

"గది గుడ్డకు ముందు తాగిన నీళ్ళది పెద్దవ్వా."

"మంచిగున్నది! వస్తే నువ్వే గెలుస్తవ్, రాకున్నా నువ్వే గెలుస్తవ్!"

"లేదు. వచ్చే ఎండలకు గిట్ల వస్తే నేను ఓడినట్టే. చదువుల గదిల అందరి ముంగట ఒప్పుకుంట."

ఓడిపోయే దారి ముందే చెప్పి నిలబడడం, నాకు తెలిసిన విజ్ఞానం అదే. ఏ మంత్రగాడూ ఆ మాట అనడు.

ఆ పై ఎండాకాలం పెద్దవ్వ మా గడపలోకి వచ్చి రెండు కాళ్ళూ చాపింది. "సూస్కో. మన వీధిల ఎవ్వనికి రాలే. ఇగ గా గోలెం తియ్యి, తొవ్వకు అడ్డమైతుంది."

బాపు గుంటలోంచి, పోగుల మధ్య తిరిగే నాడె ఆపకుండానే నాతో అన్నాడు. "తీసి ఇంట్ల ఎందుకు వెడ్తవు? పక్క వీధిల మగ్గాలు సప్పుడు చేస్తలేవు. గాడికి తీస్కపో."

గోలెం నెత్తిన పెట్టుకున్నాను. వెనక బాపు కర్రలు తొక్కుతున్న చప్పుడు మూల మలుపు దాకా వినిపించింది.