గుమ్మం ముందు మిలో బూట్లు

బండి ఆగగానే ఆర్డిస్ కుచెరా మొదట చేసే పని బూట్లు బయట పెట్టడం. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టడం, గ్యాసు తిప్పడం అన్నీ ఆ తర్వాతే. మగవాడి తోలు బూట్లు, పన్నెండో నంబరు, బాగా పెద్దవి. మెట్టు పక్కన ఒకటి నిలబెట్టి, ఒకటి కాస్త వాల్చి పెడుతుంది. ఇప్పుడే విప్పి లోపలికి వెళ్లినట్టు కనబడాలి. పక్కన రెండు మడత కుర్చీలు. లోపల ఉన్నది ఒంటరి ఆడదని దారినపోయేవాడికి తెలియకూడదు. బండ్లలోనే కాపురముండే ఆడవాళ్లు ఒకరికొకరు నేర్పుకున్న జాగ్రత్త ఇది.

ఆ బూట్లు ఆమె భర్త మిలోవి. అతను అక్టోబరులో పోయాడు.

ఆర్డిస్ నెబ్రాస్కాలో ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది. మానేశాక మొగుడూ పెళ్లాలిద్దరూ ఇల్లమ్మి, మంచం, పొయ్యి, స్నానాలగది లోపలే ఉన్న ఈ పాత బండి కొన్నారు. ఆరేళ్లలో బండి నిలుపుకోవడానికి ఒక్క డాలరు అద్దె కట్టలేదన్నది ఆ దంపతుల గొప్ప. చలికాలం ఆరిజోనా ఎడారిలో ప్రభుత్వ భూమి మీద ఉండేవారు. అక్కడ ఒకచోట పద్నాలుగు రోజులు ఉచితం, ఆ తర్వాత పాతిక మైళ్ల అవతలికి కదలాలి. వేసవిలో కొలరాడో కొండల్లో, మార్టెన్ సరస్సు ఒడ్డున క్యాంపు కాపలా. మరుగుదొడ్లు కడగాలి, పొయ్యిల్లో బూడిద ఎత్తాలి, వచ్చినవాళ్లకు చోటు చూపించాలి. బదులుగా మే నుంచి సెప్టెంబరు దాకా కరెంటూ నీళ్లూ ఉన్న స్థలం ఊరికే ఇస్తారు. మరుగుదొడ్లు మిలో కడిగేవాడు. "నాది కంపు పని, నీది కబుర్ల పని" అనేవాడు.

జనవరిలో ఆ క్యాంపులు నడిపే కంపెనీ నుంచి మారిబెల్ అనే ఆవిడ ఫోన్ చేసింది.

"మీ ఆయన సంగతి ఇప్పుడే తెలిసిందండీ. చాలా బాధేసింది. కానీ ఆర్డిస్ గారూ, ఆ సరస్సు పని ఇద్దరిది."

"అరవై మంది పిల్లల్ని ఎక్కించుకుని మంచులో బస్సు నడిపాను. అప్పుడు పక్కన ఎవరున్నారు?"

"మీరు చేయగలరండీ. మా ఫారం ఒప్పుకోదు. రెండో పేరు ఉండి తీరాలి. భర్తే కానక్కర్లేదు, స్నేహితురాలైనా సరే. ఎవరి బండిలో వాళ్లుండొచ్చు. మార్చి ఒకటిలోగా పంపండి."

"స్నేహితురాలా," అంది ఆర్డిస్. "సరే, చూస్తాను."

సరస్సు పోతే వేసవి గడిచే దారి లేదు. మే వచ్చిందంటే ఎడారిలో బండి పెనంలా కాలుతుంది. కొండల మీద రోజు అద్దెకు స్థలాలు తీసుకుంటే పింఛను పదిహేనో తారీకు దాటదు. మిగిలింది మిలో చెల్లెలి ఇంట్లో నేలమాళిగ గది. "ఆ బండి అమ్మేసి వచ్చెయ్యి వదినా" అని ఆవిడ అక్టోబరు నుంచీ చెబుతూనే ఉంది.

స్నేహితురాలు ఎక్కడ దొరుకుతుంది? ఎడారిలో ఒక మర్యాద ఉంది. తలుపు మూసి ఉన్న బండి దగ్గరికి పిలవకుండా ఎవరూ వెళ్లరు. జంట ఉన్నచోటికి అసలే వెళ్లరు. ఆ చలికాలమంతా ఆమె గుమ్మం దాకా వచ్చింది ఒక్క మనిషి, రాళ్లు ఏరుకుంటూ తిరిగే ముసలాయన. ఆయన బూట్లవంక చూసి టోపీ ఎత్తాడు. "మీ ఆయన్ని అడిగానని చెప్పండమ్మా" అన్నాడు. చెబుతానంది ఆర్డిస్. ఆయన వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి మధ్యలో, ఆర్డిస్ కొత్త చోటికి మారిన రోజు సాయంత్రమే, ఎండిన వాగుకు అవతలివైపు, మూడొందల అడుగుల దూరంలో, నీలం ట్రక్కు వెనక చిన్న ట్రైలర్ వచ్చి ఆగింది. గడ్డిటోపీ పెట్టుకున్న ఒకావిడ దిగి రెండు కుర్చీలు వేసింది. మెట్టు పక్కన మొన తేలిన మగ బూట్లు పెట్టింది. వాటి పక్కన వెడల్పాటి కుక్క గిన్నె, దాని మీద వాగు ఇవతలికీ కనబడేంత పెద్ద ఎర్ర అక్షరాలతో 'డీజిల్' అని పేరు. ఇంకో జంట అనుకుంది ఆర్డిస్.

రోజూ పొద్దున్నే ఇద్దరూ కాఫీ కప్పులు ఎత్తి పలకరించుకునేవారు. అంతకుమించి ఏమీ లేదు. అవతలి మగవాడు ఒక్కరోజు బయటికి రాలేదు. జబ్బుతో మంచాన ఉన్నాడేమో అనుకుంది. కుక్క మొరగలేదు. ముసలిదేమో అనుకుంది. మిలో బూట్లు రోజూ తానే దులిపి పెడుతున్న మనిషికి ఆ మాత్రం తట్టలేదు.

నెలాఖరులో రెండు రోజులు ఎడతెరపి లేకుండా వాన పడింది. వాగు పారింది. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే మిలో బూట్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. అవి వంచుతూ ఎందుకో అవతలికి చూసింది. మిలో పిట్టల్ని చూసే దుర్భిణి తెచ్చి మళ్లీ చూసింది. అక్కడా బూట్లు వానంతా బయటే ఉన్నాయి. గడ్డిటోపీ ఆవిడ వాటిని ఎత్తి నీళ్లు పారబోసింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికి తీసుకెళ్లకుండా, మొనలు సరిచేసి, మళ్లీ ఉన్నచోటే పెట్టింది.

తొడుక్కునే మనిషుంటే తడిసిన బూట్లు అలా పెట్టరు.

ఆర్డిస్ పెద్దగా కేకేసింది, చేతులూపింది. వాగు హోరులో వినబడలేదు. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి గాని బురద కాలు మోపనివ్వలేదు. ఆర్డిస్ మోకాళ్లదాకా మట్టితో అవతలికి చేరేసరికి ట్రైలర్ లేదు. చక్రాల జాడలున్నాయి, గిన్నె పెట్టిన చోట గుండ్రటి పొడి మచ్చ ఉంది. ఇద్దరికీ పద్నాలుగు రోజులు నిండాయి.

ఎక్కడికి వెళ్లినా నీళ్లు కావాలి. ట్యాంకులు నింపుకునే కుళాయి ఊళ్లో ఒక్కటే. ఆర్డిస్ దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండో రోజు నీలం ట్రక్కు వచ్చింది.

"డీజిల్ కులాసానా?" అంది ఆర్డిస్.

గొట్టం బిగిస్తున్న ఆవిడ ఉలిక్కిపడింది. "ఏ డీజిల్?"

"మీ కుక్క."

ఆవిడ ఆర్డిస్‌ని, వెనకున్న బండిని, మళ్లీ ఆర్డిస్‌ని చూసింది. "వాగు అవతల! పెద్ద బూట్లు!"

"వానకు నిండిపోయిన బూట్లు."

"అయ్యో నా తల్లీ," అంది ఆవిడ. "నీకూ లేడా?"

"అక్టోబరులో పోయాడు. మీ ఆయన?"

"నాకు ఎప్పుడూ లేడు. కుక్కా లేదు. ఆ బూట్లు పాత సామాన్ల కొట్లో కొన్నా. నేనెరిగిన మగాళ్లలో నోరు మూసుకుని పడున్నవి అవే."

ఇద్దరూ కుళాయి కట్టేయడం మరిచిపోయి నవ్వారు. ఆవిడ పేరు జొనెల్ ప్రూయిట్, ఊరు ఆర్కన్సా.

"రెండు వారాలు నీ మొగుడంటే హడలిపోయా," అంది జొనెల్. "ఎప్పుడూ బయటికి రాడే! జైల్లోంచి పారిపోయి దాక్కున్నాడా అనుకున్నా."

"నేను మీ కుక్క మూగదనుకున్నా."

నవ్వు తగ్గాక ఆర్డిస్ జేబులోంచి ఫారం తీసింది. సరస్సు గురించి చెప్పింది. మరుగుదొడ్లు తనే కడుగుతానంది. "మీరు కబుర్లు చెబితే చాలు. ఎల్లుండిలోగా పంపాలి."

జొనెల్ ఫారం చివరిదాకా చదివి తిరిగి ఇచ్చేసింది.

"నిన్ననే ఏడాదికి స్థలం తీసుకున్నా తల్లీ. ఊరి చివర ట్రైలర్ పార్కులో. గచ్చు, కరెంటు, రెండువైపులా మనుషులు. డబ్బంతా ముందే కట్టేశా."

"వెనక్కివ్వరా?"

"ఇవ్వరు. ఇచ్చినా నేను..." కుళాయి కట్టింది. "మూడు నెలలు ఒక్క మనిషి నాతో మాట్లాడలేదు. ఆ వాన వెలిసిన పొద్దున బూట్లలో నీళ్లు పారబోస్తుంటే ఏడుపొచ్చింది. ఇక చాలు అనుకున్నా."

ఆ పొద్దున దుర్భిణిలోంచి తాను చూస్తున్నానని ఆర్డిస్ చెప్పలేదు.

మధ్యాహ్నం బండిలో బల్ల మీద ఫారం పరిచింది. పక్కన నిరుటి ఫారం నకలు, దానిమీద మిలో వంకర సంతకం. మొదటి గడిలో తన పేరు రాసింది. రెండో గడి ఖాళీగా వదిలి కవరు అంటించింది.

సరస్సు అయోవా నుంచి వచ్చిన భార్యాభర్తలకు పోయింది. ఏప్రిల్‌లో మారిబెల్ మళ్లీ ఫోన్ చేసి, కొండ మీద ఎనిమిది స్థలాల చిన్న క్యాంపు ఒకటుందని చెప్పింది. కరెంటు లేదు, కుళాయి లేదు. "ఎవరూ వెళ్లనంటున్నారండీ. అక్కడికి ఒక్కరే చాలు." ఆర్డిస్ వెళ్లింది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం తెల్ల వ్యాను వచ్చి చివరి స్థలంలో ఆగింది. సాయంత్రం ఎలుగుబంట్ల సంగతి చెప్పడానికి ఆర్డిస్ అటు వెళ్లింది. మెట్టు పక్కన పెద్ద బూట్లు. ఒకటి పక్కకు ఒరిగి ఉంది, మడమ కింద పాత సామాన్ల కొట్టు ధర చీటీ ఊడకుండా ఉంది. తట్టింది. తలుపు నాలుగు వేళ్లంత తెరుచుకుంది. అరవై ఏళ్లుంటాయి ఆవిడకు.

"మా ఆయన పడుకున్నాడు," అంది ముందుగానే.

"లేపకండి. తినేవేవీ రాత్రి బయట పెట్టకండి, ఎలుగులొస్తాయి. పొద్దున ఏడింటికి కాఫీ పెడతాను. నా దగ్గర రెండు కుర్చీలున్నాయి."

"ఆయన్ని అడుగుతాను."

"అడగండి," అంది ఆర్డిస్.

పొద్దున ఏడింటికి రెండు కప్పులు పెట్టి కూర్చుంది. ఎనిమిదింటికి లేచి వెళ్లి చూస్తే స్థలం ఖాళీ, పొయ్యి శుభ్రంగా ఊడ్చి ఉంది. వచ్చినవాళ్లు అద్దె కవర్లు వేసే పెట్టె తాళం తీసింది. కవరులో డబ్బు సరిగ్గా ఉంది. కవరు మీద 'ఎంతమంది' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో 'ఇద్దరు' అని రాసి ఉంది.

ఆర్డిస్ రిజిస్టరు తీసి, తనూ ఇద్దరనే రాసింది.