పన్నెండో స్టెప్పులో ఆగిన వాక్యం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, మేడ్చల్ దగ్గరి ఒక మాత్రల ఫ్యాక్టరీలో ట్రైనింగ్ మేనేజర్‌గా చేరాను. అప్పటికి ఈ రంగంలో నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ల్యాబులో కెమిస్టుగా మొదలై, క్వాలిటీ విభాగంలో ఒక్కొక్క హోదా దాటుకుంటూ వచ్చినదాన్ని. రిటైర్‌మెంటుకు మూడేళ్ళే ఉంది. యాప్రాల్ నుంచి రోజూ కంపెనీ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నాకు అప్పగించిన పని ఒక్కటే: కాగితం మీదున్న పని విధానాలన్నిటినీ ట్యాబుల్లోకి మార్చి, కార్మికులకు వాటి మీదే శిక్షణ ఇప్పించడం.

పని విధానం అంటే ఏమిటో బయటివాళ్ళకు కొంచెం చెప్పాలి. మందుల ఫ్యాక్టరీలో చేతులు కడుక్కోవడానికి కూడా రాతపూర్వకమైన పద్ధతి ఉంటుంది. దాన్ని ఎస్.ఓ.పి. అంటాం. ఏ పనైనా చేసే మనిషి ముందు దాని ఎస్.ఓ.పి. చదవాలి, పది ప్రశ్నలకు జవాబులు రాయాలి, చదివి అర్థం చేసుకున్నానని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే యంత్రం మీద చేయి వేయనివ్వం. ప్రతి ఎస్.ఓ.పి.కీ నంబరు, వెర్షను ఉంటాయి. కొత్త వెర్షను రాగానే పాత కాపీలన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకుని చింపేస్తాం. ఒక్క పాత కాపీ ఎక్కడైనా మిగిలిపోతే, ఎవరో ఒకరు దాన్ని చూసి పాత పద్ధతిలో పని చేస్తారు. అందుకే ముద్ర లేని కాపీ, సొంతంగా రాసుకున్న చీటీ, ఏదీ ఫ్యాక్టరీ లోపల ఉండకూడదు. మా రంగంలో ఇది చిన్న తప్పు కాదు.

ట్యాబులు వచ్చాక ఆ కాపీల గొడవ ఒక్కరోజులో తీరిపోయింది. కొత్త వెర్షను ఎక్కించగానే పాతది దానంతటదే మాయమయ్యేది. పూట పట్టే శిక్షణ గంటలో అయ్యేది. చత్వారం వచ్చిన పెద్దవయసు ఆపరేటర్లు అక్షరాలు పెద్దవి చేసుకుని సంతోషపడ్డారు. ప్రశ్నలకు అందరికీ మంచి మార్కులు వచ్చేవి. నెలాఖరు సమావేశంలో నా పని గురించి రెండు మంచి మాటలు చెప్పారు. నాకూ గర్వంగానే ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక శుక్రవారం, లాకర్ల తనిఖీలో ఒక నోట్‌బుక్ దొరికింది. బట్టలు మార్చుకునే గదిలో, ఎస్తేరు అనే ఆపరేటరు లాకరులో. రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం. అందులో గ్రాన్యులేటర్ శుభ్రం చేసే ఎస్.ఓ.పి. మొత్తం చేత్తో రాసి ఉంది. గ్రాన్యులేటర్ అంటే మందు పొడిని తడిపి కలిపే పెద్ద స్టీలు పాత్ర. ఒక మందు పూర్తయి ఇంకో మందు మొదలుపెట్టే ముందు దాన్ని అణువణువూ కడగాలి.

ఎస్తేరుకు నలభై దాటి ఉంటాయి. గౌడవెల్లి నుంచి స్కూటీ మీద వచ్చేది. తెలుగు మీడియంలో పదో తరగతి చదివింది. పదకొండేళ్ళుగా అదే డిపార్టుమెంటులో ఉంది. మాట తక్కువ, పని గట్టి. అంతవరకే నాకు తెలుసు.

ప్రొడక్షన్ మేనేజర్ మాధవరెడ్డి ఆ పుస్తకం పట్టుకుని నా గదికి వచ్చారు. ఆయనది శామీర్‌పేట. సొంత భూములు, ఊళ్ళో పలుకుబడి ఉన్న కుటుంబం. అయినా ఈ ఉద్యోగాన్ని ఇష్టంగా చేసేవారు. మనిషి ముక్కుసూటి.

"రూల్ అంటే రూలే మేడం. మల్ల రెండు వారాలల్ల విదేశీ కంపెనోళ్ళు తనిఖీకి వస్తున్నరు. గిది వాళ్ళ కంట్ల పడితే మన పరువేం గావాలె? సస్పెండ్ చేద్దాం. మీరు ఎంక్వయిరీ రాసియ్యిండ్రి" అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ రాత్రి కూర్చుని ఆలోచించాల్సిన విషయంగా కూడా నాకు అనిపించలేదు. మర్నాడు శనివారం ఉదయం ఎస్తేరును పిలిపించే ముందు, ఒక పక్క ఆమె పుస్తకం, ఇంకో పక్క ట్యాబు పెట్టుకుని వరసగా పోల్చి చూశాను. పుస్తకం చూస్తే ఆశ్చర్యం వేసింది. మక్కీకి మక్కీ దించింది కాదు. ప్రతి స్టెప్పూ తన మాటల్లో రాసుకుంది. పక్కన గీత గీసి, 'ఎందుకు' అని ఒక వరస పెట్టుకుంది. వేడినీళ్ళ కంటే ముందు చల్లనీళ్ళు ఎందుకు పోయాలి, బ్రష్ ఏ వైపు నుంచి తిప్పాలి, ఏ మూల చేయి అందదు, అన్నీ ఉన్నాయి. తనకు తెలియనిచోట ఖాళీ వదిలి ప్రశ్నార్థకం పెట్టింది. యంత్రం బొమ్మ పెన్సిలుతో వేసి, బాణం గుర్తులతో నీళ్ళు పోయే దారి చూపించింది. ఇరవై ఆరేళ్ళలో ఎంతోమంది ఇంజనీర్ల నోట్సు చూశాను. ఇంత శ్రద్ధగా ఉన్నవి తక్కువ.

పన్నెండో స్టెప్పు దగ్గర తేడా కనిపించింది. యంత్రం అడుగున పొడి బయటికి వచ్చే వాల్వు ఉంటుంది. ట్యాబులో ఆ వాల్వును విప్పి కడగడం వరకే ఉంది. పుస్తకంలో దాని తరువాత ఇంకో పని ఉంది: వాల్వు లోపలి రబ్బరు చుట్టు, అంటే గాస్కెట్, బయటికి తీయాలి, అది కూర్చునే గాడిని సన్న బ్రష్‌తో తోమాలి. అంటే ఇది పాత వెర్షను చూసి రాసిందన్నమాట. మేము భయపడేది సరిగ్గా దీనికే. ఎంక్వయిరీ కాగితంలో ఆ మాట రాసుకుని, అప్పుడు ఆమెను పిలిపించాను.

వచ్చి నిలబడింది. కూర్చోమంటే అంచున కూర్చుంది. ఇది తప్పని తెలుసా అని అడిగాను.

"ఎర్కే మేడం. తప్పే జేసిన" అంది.

మరి ఎందుకు చేశావని అడిగాను. ట్యాబు వైపు చూపిస్తూ నెమ్మదిగా చెప్పింది.

"కాయిదం ఉన్నప్పుడు గీ ముచ్చట ఎడమ పేజీల కిందికి ఉన్నది, గా ముచ్చట కుడి దిక్కు బొమ్మ పక్కన ఉన్నది అని కండ్లల్ల ఉంటుండె. మిషిన్ కాడ నిలవడితే పేజీ యాదికొస్తుండె. దీంట్ల ఏలుతోని తోస్తుంటే పోతనే ఉంటది మేడం. ఏడ సదివిన్నో గుర్తుండది. పరీచ్చ పాసయితున్న గని, మిషిన్ కాడికి పోతే ఏం యాదికొస్తలేదు. భయమయింది. రాసుకుంటె గని నాకు మనసుల పడది."

రాసుకునే అలవాటు ఎక్కడిదని అడిగాను. వాళ్ళ నాయినది అని చెప్పింది. చర్చిలో పాటల పుస్తకం ఒక్కటే ఉంటే, ఆయన పాటలన్నీ చేత్తో రాసుకుని నేర్చుకునేవాడట. పిల్లలచేత కూడా రాయించేవాడట. చూసి పాడితే పెదవులకే వస్తుంది, రాస్తే లోపలికి పోతుంది అనేవాడట.

నేను పన్నెండో స్టెప్పు చూపించాను. ఇది పాతది కదా, చూశావా, ఇందుకే రాసుకోవద్దంటాం అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను.

ఆమె ట్యాబు వైపు చూసి, "పాతది గాదు మేడం. గిండ్లదే" అంది.

లేదని నేను, ఉందని ఆమె. చివరికి ట్యాబు ఆమె చేతికి ఇచ్చాను. వాక్యం చివర వేలు పెట్టి చూపించింది. 'కింది వాల్వును విప్పి, శుద్ధజలంతో కడిగి' అని ఉంది. అక్కడ ఆవగింజంత బాణం గుర్తు.

"కడిగి అని ఆగింది మేడం. కడిగి ఏం జెయ్యాలె? రాస్తాంటె మాట పూర్తి గాలే. గందుకే ఎతికిన."

ఆ బాణాన్ని తాకింది. మిగతా వాక్యం తెరుచుకుంది. గాస్కెట్, గాడి, సన్న బ్రష్, అన్నీ ఉన్నాయి.

ఆ ఎస్.ఓ.పి.ని ఆమోదించింది నేనే. నా గదిలో పెద్ద కంప్యూటరు మీద చదివాను. అక్కడ వాక్యం మొత్తం కనిపించింది. ట్యాబు తెర చిన్నది కాబట్టి పొడుగు స్టెప్పుల్ని సాఫ్ట్‌వేర్ సగంలో మడిచేసింది. ఆ సంగతి నేను చూసుకోలేదు. ఆ ఉదయమే ట్యాబులో ఆ వాక్యం చదివి కూడా, దానికి ముగింపు క్రియ లేదని గమనించలేదు. నా కన్ను దాన్ని 'కడగాలి' అని పూర్తిచేసుకుని ముందుకు వెళ్ళిపోయింది. ఆ డిపార్టుమెంటులో అందరి కళ్ళూ అదే చేసి ఉంటాయి.

ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అని అడిగాను. షిఫ్టు సూపర్‌వైజరుకు చెబితే, బాణం మీద నొక్కితే అన్నీ ఉంటాయి చూసుకోమన్నాడట. మిగతావాళ్ళకు తెలిసే ఉంటుందని అనుకుందట.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. అంతవరకు ఆ యంత్రంలో చక్కెర జబ్బు మాత్రల మందు నడిచింది. గురువారం రెండో షిఫ్టువాళ్ళు దాన్ని కడిగారు. అది ఎస్తేరు షిఫ్టు కాదు, ట్యాబు మీదే పని నేర్చుకున్న కొత్తవాళ్ళది. సోమవారం ఉదయం అందులో పిల్లల జ్వరం మాత్రల మందు మొదలుపెట్టాలి. కడిగాక యంత్రం గోడల మీద దూది పుల్లతో తుడిచి ల్యాబుకు పంపిస్తాం. కానీ తుడవాల్సిన చోట్ల జాబితాలో ఆ గాడి లేదు.

మాధవరెడ్డికి ఫోన్ చేసి కిందికి రమ్మన్నాను. ముగ్గురం రక్షణ దుస్తులు వేసుకుని లోపలికి వెళ్ళాం. యంత్రం మీద 'శుభ్రం చేయబడినది' అన్న పచ్చ లేబుల్ వేలాడుతోంది. వాల్వు విప్పమని ఎస్తేరుకు చెప్పాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, ఏ కాగితం చూడకుండా, ఒక్కొక్క బోల్టూ వరసగా తీసి స్టీలు పళ్ళెంలో పెట్టింది. ఏం చేస్తున్నదీ, ఎందుకు చేస్తున్నదీ చిన్నగా చెబుతూనే ఉంది. గాస్కెట్ కిందికి గోరుమందం పుల్ల పోనిచ్చి, ఉంగరంలా బయటికి తీసింది. గాడిలో చుట్టూ తెల్లటి పొడి గట్టిపడి ఉంది.

మాధవరెడ్డి వంగి దాన్ని చూశారు. తరువాత పచ్చ లేబుల్ తనే పీకేశారు.

"ఇన్నేండ్లసంది జేస్తున్న, గా గాస్కెట్ ముచ్చట నాకు సుత తట్టలే. సోమారం బ్యాచ్ బంద్ పెట్టిండ్రి" అన్నారు. బయటికి వచ్చాక ఎస్తేరుతో, "నువ్వు పరేషాన్ గాకమ్మా" అని ఒక్క మాట అన్నారు.

నియమం తప్పినప్పుడు మేము డీవియేషన్ రిపోర్టు రాస్తాం. జరిగిన లోపం ఏమిటి, ఎవరి వల్ల, ఇక మీదట ఏం చేస్తాం, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ రోజు రెండు రాశాను. మొదటిది ఆ మడతపడిన వాక్యం గురించి; అందులో లోపానికి కారణమైన వ్యక్తి దగ్గర నా పేరు రాసుకున్నాను. మాధవరెడ్డి పక్కనే తన పేరు కూడా చేర్చి సంతకం పెట్టారు. నేను అడగలేదు. రెండోది నోట్‌బుక్ గురించి. దాన్ని దాచలేదు, తేలిక చేసీ రాయలేదు. ఎస్తేరుకు హెచ్చరిక లేఖ ఇచ్చాం. నియమం ఉన్నది మంచికే. ఆమె రేపు ఆ పుస్తకాన్ని సవరించడం మరిచిపోతే అదే పుస్తకం ప్రమాదం అవుతుంది. ఆ సంగతి ఆమెకు విడమరిచి చెప్పాను. ఆమె లేఖ తీసుకుని, "సరే మేడం. గని రాసుకోకుంటె నేనెట్ల నేర్చుకోవాలె?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు తయారుచేయడానికి మూడు నెలలు పట్టింది. కొత్తగా చేరినవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ట్యాబు, ఒక జట్టుకు అచ్చు కాగితం, రాసుకోవడానికి తెల్ల కాగితాలు ఇచ్చి చూశాను. పది ప్రశ్నల పరీక్షలో రెండు జట్ల మార్కులూ దాదాపు ఒక్కటే. వారం తరువాత యంత్రం ముందు నిలబెట్టి, ఏమీ చూడకుండా వరస చెప్పమంటే మాత్రం ట్యాబు జట్టు తడబడింది. కాగితం మీద చదివి చేత్తో రాసుకున్నవాళ్ళు తప్పులు చెప్పినా, తప్పు ఎక్కడుందో వాళ్ళే పట్టుకున్నారు. అలాగని ట్యాబు పనికిరాదనలేను. పంపు విడిభాగాలు బిగించే పనిలో వీడియో చూసినవాళ్ళు అందరికంటే త్వరగా నేర్చుకున్నారు.

చివరికి ఒక వర్క్‌బుక్ తయారుచేశాం. ఎడమ పేజీలో అచ్చువేసిన స్టెప్పులు, కుడి పేజీ ఖాళీ. ఎవరి మాటల్లో వాళ్ళు రాసుకోవాలి. పైన 'ఎందుకు' అని ఒక వరస. ప్రతి పుస్తకానికీ నంబరు, ముద్ర, తీసుకున్నవాళ్ళ సంతకం. వెర్షను మారిన రోజున పుస్తకం వెనక్కి వచ్చేయాలి. యంత్రం దగ్గరకు వెళ్ళాక చూడాల్సింది ట్యాబే. సాఫ్ట్‌వేర్‌లో మడతలన్నీ తీయించాం. ఆ వర్క్‌బుక్ నమూనా ఎస్తేరు నోట్‌బుక్కే. ఆ మాట ప్రతిపాదనలో పేరుతో సహా రాశాను.

ఇదంతా కాకముందే, ఆ ఎంక్వయిరీ అయిన రెండు వారాలకు విదేశీ కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు రెండు రిపోర్టులూ ముందు పెట్టాం. వాళ్ళు ఎస్తేరుతో మాట్లాడాలన్నారు. పక్కన ఒకరు అనువాదం చేస్తుంటే, ఆమె గ్రాన్యులేటర్ శుభ్రత మొదటి స్టెప్పు నుంచి చివరి స్టెప్పు దాకా చెప్పింది. వాళ్ళు మధ్యలో నాలుగుచోట్ల ఆపి ఎందుకని అడిగారు. మూడింటికి జవాబు చెప్పింది. నాలుగోదానికి, తెలియదు, కనుక్కుని చెబుతాను అంది. వాళ్ళలో పెద్దాయన ఆ నాలుగో జవాబు కింద గీత గీసుకోవడం నేను చూశాను. మరుసటి ఏడాది ఆమెను ఆ డిపార్టుమెంటుకు శిక్షకురాలిగా వేశాం. డిగ్రీ లేనివాళ్ళకు ఆ హోదా ఇవ్వడం మా ఫ్యాక్టరీలో అదే మొదలు. నియామక పత్రం మీద సిఫారసు రాసింది మాధవరెడ్డి.

ఇప్పుడు ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు, తెర మంచిదా కాగితం మంచిదా అని నన్ను అడుగుతుంటారు. సరైన వెర్షను చేతికి అందించడంలో తెరను మించింది లేదు. కాగితం మీద చదువు నెమ్మదిగా సాగుతుంది, రాస్తే ఇంకా నెమ్మది. ఆ నెమ్మదిలోనే అర్థంకానిది బయటపడుతుంది. తెర మీద నేను తొందరగా చదివాను, అర్థమైందని నమ్మాను, నమ్మి సంతకం పెట్టాను. ఆ తరువాత నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, శిక్షణ పత్రంలో పూర్తి మార్కులు ఉన్నా, నేర్చుకున్న మనిషి ఒక్క సందేహం కూడా అడగలేదంటే, దాని మీద సంతకం పెట్టకుండా వెనక్కి పంపించాను.