ఎవరూ తొక్కని చోటు

ఆయన పోయిన కబురు వచ్చినప్పుడు నేను కబ్సాకి, అదే ఇక్కడి మాంసం పులావుకి, బియ్యం కడుగుతున్నాను. ఆడపడుచు ఫోన్‌లో చెప్పింది. విన్నాను. మూడో నీళ్ళు కూడా ఒంపేసి, బియ్యం పొయ్యి మీద పెట్టి, అప్పుడు వెళ్ళి మామాకి చెప్పాను. ఇక్కడ యజమానురాలిని మామా అంటాం, వయసులో మనకంటే చిన్నదైనా సరే. ఆవిడ నన్ను కావలించుకుని భోరుమంది. నాకు ఏడుపు రాలేదు. రాకపోయేసరికి ఆవిడకి భయమేసినట్టుంది, కొన్నాళ్ళు నా వెనకాలే తిరిగింది.

వెళ్ళడం కుదరలేదు. ఇక్కడ ఉండడానికిచ్చే నా ఇకామా కార్డు రెన్యువల్‌లో ఉంది, అది అయితే గాని ఊరెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా రాదు. వీడియో కాల్‌లో చూపించారు. ఎవరిదో భుజం అడ్డమొచ్చి మొహం కనపడలేదు, కాళ్ళు కనపడ్డాయి. కొంచెం పక్కకి జరగండి అనడానికి కూడా నోరు రాలేదు.

అసలు ఈ అరబ్బు దేశం రావలసింది ఆయన. రెండుసార్లు మెడికల్‌లో అన్‌ఫిట్ చేశారు, ఊపిరితిత్తుల్లో ఏదో మచ్చ ఉందట. చివరికి నేను బయల్దేరాను. “నన్నెలాగూ రానివ్వలేదు. ఆ కొండలూ, ఆ ఎడారీ ఎలాగుంటాయో నువ్వే సూసి సెప్పు,” అన్నాడు ఎయిర్‌పోర్టులో. ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేదాన్ని. మేముండే తాయిఫ్‌లో చలేస్తుందంటే నమ్మేవాడు కాదు, ఎడారిలో చలేంటే అని నవ్వేవాడు.

నా దగ్గర ఆయన గుర్తుగా ఉన్నవి పుస్తెలే. గొలుసు ఇంట్లో పెట్టేసి, పసుపుతాడుకి కట్టుకుని వచ్చాను. మా వైపు పుస్తెలు రెండు, ఒకటి పుట్టింటిది, ఒకటి మెట్టినింటిది. అమ్మావాళ్ళు చేయించింది నున్నగా ఉంటుంది. రెండోది ఆయన వాళ్ళమ్మ పుస్తెని కరిగించి, దగ్గర కూర్చుని మరీ చేయించాడు. అంచు చుట్టూ సన్నటి చుక్కలు పెట్టించాడు. ఒకచోట చుక్కలు వంకరపోయాయని కంసాలి మీద కేకలేశాడట. పెళ్ళైన కొత్తలో ఆ వంకర చూపించి ఆయన్ని ఆట పట్టించేదాన్ని.

పదో రోజుకి మేం తోటలో ఉన్నాం. మామా వాళ్ళ నాన్నకి ఊరి బయట దానిమ్మ తోట ఉంది, గురువారం సాయంత్రానికి కుటుంబమంతా అక్కడికి చేరుతుంది. ఆయన్ని అందరం పెద్దబాబా అంటాం. తోటని ఆనుకునే పాత రాతి ఆనకట్ట ఉంది. ఎన్ని వందల ఏళ్ళ కిందటిదో మరి, చుట్టూ ఇనప కంచె వేసి బోర్డు పెట్టారు. లోపలికి వెళ్ళకూడదు, తవ్వకూడదు, రాయి కదపకూడదు. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, చుక్క నీళ్ళు లేని ఆనకట్టకి కాపలా పెట్టడం చూసి మొదట్లో తెగ నవ్వుకున్నాను.

తెల్లవారకుండానే ఆడపడుచు ఫోన్ చేసింది.

“వదినా, పెద్దమ్మ సెప్పమంటంది. నీకక్కడ తీసేవోళ్ళు లేరు గదా, నువ్వే తీసేస్కో. పాలల్లో ఎయ్యి. కాసేపాగి పుస్తెలు తీసి దాసుకుని, ఆ పాలు ఎవరూ తొక్కని సోట పొయ్యి. ఎవరైనా తొక్కితే ఆళ్ళకీ మంచిది కాదు, అన్నయ్యకీ మంచిది కాదంట.”

సరే అన్నాను. వంటగదిలో కత్తెరతో తాడు కోసి, రెండూ గ్లాసులోకి జార్చాను. పాలు ఫ్రిజ్‌లోవి. అప్పుడైనా ఏమన్నా అనిపిస్తుందేమోనని నిలబడి చూశాను. మెడ తేలికైంది, అంతే.

ఇంతకీ ఎవరూ తొక్కని చోటు ఎక్కడుంది? తోటలో పనివాళ్ళు తిరుగుతారు, వాకిట్లో పిల్లలాడతారు. తొక్కకూడదని బోర్డు పెట్టిన చోటు ఒక్కటే కనపడింది. గ్లాసు పట్టుకెళ్ళి, కంచె సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి, రాళ్ళ మీదకి ఒంపాను. అప్పుడే తెల్లవారుజాము నమాజుకి ఫజర్ అజాన్ వినపడుతోంది. తిరిగొచ్చి గ్లాసు కడుగుతుంటే తెలిసింది, పుస్తెలు తియ్యలేదని.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. పాలు అప్పటికే ఇంకిపోయాయి. అక్కడంతా ఏటవాలు, రాయికీ రాయికీ మధ్య వేలు పట్టేంత సందులు. కంచె పట్టుకుని వంగి చూస్తుంటే కాపలా మనిషి అరుచుకుంటూ వచ్చాడు. చేతులు దులుపుకుని వచ్చేశాను.

ఈ సంగతి మొదట చెప్పింది మా డ్రైవర్‌కి. సాయిబులబ్బాయి, కర్నూలు దగ్గర పల్లెటూరు. నన్ను అక్కా అంటాడు.

“యాడ పోసినావక్కా? కంచె లోపలా?” అని తల పట్టుకున్నాడు. “పాలు పోసినానని మాత్రం ఎవురికీ చెప్పాకు. తెల్లారుజామున పాత రాళ్ళల్లో పాలు, బంగారు అంటే ఈళ్ళు సిహ్ర్ అనుకుంటారు. చేతబడి. పెద్ద కేసయితాది.”

అందుకని తాళి చెయ్యి జారి పడిపోయిందన్నాం. ఒక్క మాట మార్చినందుకు గుండె దడ పుట్టాలి కదా, అదీ లేదు. మామా అయితే, “దానికేం, కొత్తది కొనిస్తాను,” అంది. ఎంత మంచి మనిషో అంత తెలియని మనిషి. కొత్త తాళి కట్టుకునే రోజా నాది, అని తెలుగులో గొణుక్కున్నాను.

పెద్దబాబాకి మాత్రం పట్టుదల వచ్చింది. తన తోట పక్కన పనిమనిషి బంగారం పోవడం ఆయనకి నామోషీ. బంధువుల షెడ్డులో నేలలో లోహాన్ని కనిపెట్టే మిషన్ ఉంది, తెప్పిస్తానన్నాడు. డ్రైవర్ చేతులు జోడించినంత పని చేశాడు. ఆ మిషన్‌తో పాత కట్టడాల దగ్గర కనపడితే నిధుల దొంగలని లోపలేస్తారట, అనుమతి ఉండాలట. ముసలాయన గడ్డం నిమురుకుని, సరే, అనుమతే తెస్తానన్నాడు.

తేవడానికి చలికాలమంతా పట్టింది. మధ్యలో నా ఇకామా వచ్చింది. టికెట్ తీస్తాను, వెళ్ళిరా అంది మామా. ఆయన లేడు, ఆయన చేయించిన పుస్తె కూడా లేకుండా ఆ ఇంటి గుమ్మం ఎలా ఎక్కను? అది దొరికాకే వెళ్తానన్నాను. అంత గట్టిగా నేను కోరుకున్నది ఇంకేమీ లేదు. అది కూడా పొద్దున్నే గుర్తొచ్చేది, పని మొదలుపెడితే పోయేది.

ఒకరోజు పురావస్తు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. డ్రైవర్ స్పీకర్‌లో పెట్టి అరబ్బీలో మాట్లాడుతూ, మధ్యలో నా వైపు తిరిగి అడుగుతున్నాడు.

“వస్తువేంది అంటున్నాడక్కా. తాళిబొట్టు అని, పెండ్లి బంగారు అని చెప్పినా.”

“ఆఁ, అదే.”

“ఎన్ని అంటున్నాడు. ఒగటేనా?”

నాకు ఒళ్ళు మండింది. “ఒకటే! ఆడదానికి ఎన్ని తాళిబొట్లుంటాయేంటి?”

“వాహిద్,” అని ఫోన్‌లోకి ఒకటే చెప్పాడు.

దానిమ్మలు పూతకొచ్చే వేళకి ఆఫీసరు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. మిషన్ పట్టుకుని ఇంకో మనిషి వచ్చాడు. షరతులు ముందే చెప్పారు. వాళ్ళిద్దరే లోపలికి వెళ్తారు, తవ్వరు, రాయి కదపరు, పైపైన చూస్తారు. నేను కంచె బయట, ఆ రోజు నిలబడిన చోటే నిలబడి, చెయ్యి ఎటు పెట్టానో చూపించాలి. చూపించాను.

మిషన్ ముందు కూల్‌డ్రింక్ డబ్బా మూతకి అరిచింది. తర్వాత మేకుకి అరిచింది. పెద్దబాబా కుర్చీ వేయించుకుని కూర్చుని, అరిచినప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు. మూడోసారి ఆ మనిషి రెండు వేళ్ళు సందులోకి పెట్టి ఏదో పైకి తీశాడు. ఎండలో తళుక్కుమంది. అందరూ అల్‌హమ్దులిల్లా అన్నారు. ఆఫీసరు ఫోటో తీసుకుని, కంచె సందులోంచి నా అరచేతిలో పెట్టాడు.

బొటనవేలితో అంచు తడిమాను. నున్నగా ఉంది.

తల ఎత్తేసరికి మిషన్ ఆపేసి సంచిలో పెట్టేస్తున్నారు. “ఇంకోటుంది,” అన్నాను. డ్రైవర్ నా మొహం చూశాడు. “ఇంకోటేందక్కా?”

“రెండుంటాయి మాకు. ఇది అమ్మావోళ్ళది. ఆయనది రాలేదు. ఆ మిషన్ ఇంకొక్కసారి తిప్పమను బాబూ.”

అతను చాలాసేపు బతిమాలాడు. పెద్దబాబా కూడా గొంతు పెంచాడు. ఆఫీసరు విసుక్కోలేదు, కేకలేయలేదు. నిదానంగా ఏదో చెప్పి తల అడ్డంగా ఊపాడు.

“ఒగటే అని మనమే చెప్పినాం కదక్కా,” అన్నాడు డ్రైవర్ నేల చూస్తూ. “చెప్పిన ఒగటీ ఇచ్చేసినారు. ఇంగ ఆ నేలలో ఏం దొరికినా అది గవర్నమెంటుదేనంట. మళ్ళా అడుక్కోవాలంట, మొదట్నుంచి.”

పెద్దబాబా మళ్ళీ అడిగించాడు. చూస్తాం అన్నారు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. ఆయన నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు, పాపం, తప్పు తనదైనట్టు. నేను పుట్టింటి పుస్తెని జేబురుమాలులో ముడేసుకుని నా పని నేను చేసుకుంటున్నాను.

ఆడపడుచుకి చెప్పడం ఎన్నాళ్ళని వాయిదా వెయ్యను. ఒక సాయంత్రం పిల్లలకి పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ చేసి, పుస్తెలు ఆ కంచె లోపల పడిపోయిన సంగతీ, ఒకటే దొరికిన సంగతీ చెప్పాను.

“దొరికిందా? ఏది వదినా, మనదా, మీ అమ్మావోళ్ళదా?”

“అమ్మావాళ్ళది.”

తిడుతుందనుకున్నాను. ఆ బంగారం వాళ్ళమ్మది, తిట్టే హక్కుంది.

“పోన్లే వదినా,” అంది. “అన్నయ్యకి ఆ దేశం సూడాలని ఎంతుండేదీ. ఎవరూ తొక్కని సోట ఉన్నాడులే.”

ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో తెలియదు. నా నోట్లోంచి వస్తున్న చప్పుడు నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది. గట్టు పట్టుకుని నేల మీద కూలబడ్డాను. మామా పరుగెత్తుకొచ్చి ముందు స్టవ్ ఆపింది. ఏమైంది, ఏమైంది అని నా భుజాలు పట్టుకుని కుదిపింది.

“పాలు పొంగిపోయాయి మామా,” అన్నాను.