గువోషెంగ్ నమ్మని ధర

గువోషెంగ్ ధరల్ని నమ్మడు. ఎక్కువ ధరని ఓ మోస్తరుగా నమ్ముతాడు, తక్కువ ధరని అస్సలు నమ్మడు. ఉచితం అన్నారంటే మాత్రం పర్సున్న జేబు మీద చెయ్యి వేసుకుని రెండడుగులు వెనక్కి వేస్తాడు. బండబర్గ్ చుట్టుపక్కల పొలాల్లో పనికొచ్చిన తైవాన్ పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. ఏడాది వీసా మీద ఆస్ట్రేలియా వచ్చి, కాయలు కోసి, నాలుగు డాలర్లు వెనకేసుకుని, వాటితో దేశమంతా తిరుగుదామనుకునే పిల్లలు వాళ్లు. వాళ్లు సముద్రం కోసం వచ్చారు, గువోషెంగ్ ఎవరు మోసం చేస్తారో చూద్దామని వచ్చినట్టుంటాడు.

మిన్యెన్ బస్సు దిగిన మధ్యాహ్నం అతను మెడకి తువ్వాలు చుట్టుకుని బస్టాపులో నిలబడి ఉన్నాడు. ఆమె తైచుంగ్‌లో బ్యాంకు కౌంటరు ఉద్యోగం మానేసి వచ్చిన పిల్ల. ఏడాది వీసాలో ఏడు నెలలు పెద్ద ఊళ్లో హోటల్లో గిన్నెలు కడగడంతోనే గడిచిపోయాయి. ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉందన్న ప్రకటన చూసి ఫోన్ చేసింది, అంతే పరిచయం.

"ఎంత తెచ్చుకున్నావ్?" అన్నాడు. పేరు కూడా అడగలేదు.

"మీకెందుకు చెప్పాలి?"

"బాగుంది. ఇలాగే ఉండు. బడ్జెట్ రాసుకున్నావా?"

రాసుకుంది. అద్దె, తిండి, ఫోను, కారు పెట్రోల్లో వాటా, అన్నీ కలిపి వారానికి రెండొందల ఇరవై. గువోషెంగ్ ఆ కాగితాన్ని దొంగసొత్తు పట్టుకున్న పోలీసులా తిప్పి తిప్పి చూశాడు.

"ఎవరు చెప్పారు ఈ లెక్క?"

"ఇంటర్నెట్లో ఒకావిడ రాసింది."

"ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

"తైపేలో."

"చూశావా? ఇక్కడ లేదు," అని ఎర్ర పెన్ను తీశాడు. చిరిగే చేతి తొడుగులు, దోమల మందు, వాన పడితే పోయే రోజుకూలీ, ఒక్కొక్కటే రాసుకుంటూ పోయి చివర్లో 'బాధ: ఆరు డాలర్లు' అని రాశాడు.

"బాధ ఏంటి?"

"ఆదివారం సాయంత్రం ఇల్లు గుర్తొస్తుంది. వెళ్లి పాల టీయో కేకో కొంటావు. అందరూ కొంటారు. ముందే లెక్కలో రాసుకుంటే కొన్నాక ఏడవక్కర్లేదు."

ఈ మనిషికి పిచ్చి అయినా ఉండాలి, లేకపోతే పెద్ద మోసగాడైనా అయ్యుండాలి అనుకుంది మిన్యెన్. రెండిట్లో ఏదో తేలేదాకా సంచీ తలకింద పెట్టుకునే పడుకుంది.

ఆ ఇల్లు డొరీన్ అనే పెద్దావిడది. అందులో ఆరుగురుండేవారు. ప్రతి గురువారం గువోషెంగ్ తలా నూట పదిహేను డాలర్లు వసూలు చేసి, తన నూట పదిహేనూ కలిపి, వీధి చివరనున్న డొరీన్ ఇంటికి తనే పట్టుకెళ్లి ఇచ్చేవాడు. ఆ పని ఇంకొకరికి అప్పగించిన రోజు లేదు.

శనివారం శనివారం రసీదుల పండగ. తైవాన్‌లో ప్రతి రసీదు మీదా లాటరీ అంకె ఉంటుంది, రెండు నెలలకోసారి లాటరీ తీస్తారు. అందుకని అక్కడ పుట్టినవాడు టీ కొట్టులో ఇచ్చిన చీటీ అయినా సరే పారేయడు. ఇక్కడి రసీదులకి లాటరీ లేదని తెలిసినా చేతి అలవాటు పోదు, అందరి జేబుల్లోనూ ఉంటాయి. గువోషెంగ్ వాటన్నిటినీ బల్ల మీద పోయించి విచారణ మొదలుపెట్టేవాడు.

"హాన్‌వే, సోమవారం రెండు ఐస్‌క్రీములున్నాయి. ఒకటి నీది. రెండోది?"

హాన్‌వే ఏడు నెలలుగా ఆ ఇంట్లో ఉంటున్న కుర్రాడు. పనిలో గట్టివాడు, దాపరికంలో సున్నా. "అదీ నాదే అన్నా."

"రెండు చేతులతో తిన్నావా?"

"అంటే, ప్యాకింగ్ షెడ్డులో ఒక కొరియా అమ్మాయి ఉంది..."

"ఆ అమ్మాయి నీకేం కొనిచ్చింది?"

"నవ్వింది."

గువోషెంగ్ పుస్తకంలో రాసుకున్నాడు. 'నవ్వు: నాలుగు డాలర్ల ఇరవై సెంట్లు. ధర ఎక్కువ.'

ఓసారి డొరీన్ పెరట్లో కాసిన గుమ్మడికాయ తెచ్చి, ఊరికే తీసుకోండి పిల్లలూ అంది. ఆవిడ గేటు దాటగానే గువోషెంగ్ దాన్ని వరండాలో పెట్టించాడు, ఇంట్లోకి రానివ్వలేదు.

"అద్దె పెంచబోతోంది," అన్నాడు.

"పెరట్లో కాసింది అన్నా, ఏం చేసుకుంటుంది ఆవిడ మాత్రం?" అంది మిన్యెన్.

"కాసిందని ఆవిడ అంటోంది."

మూడు రోజులు కాయ అక్కడే ఉంది. గువోషెంగ్ పనికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి దాని చుట్టూ తిరిగి చూసేవాడు. మీ అబ్బాయికి గుమ్మడికాయలంటే భయమా అని డొరీన్ ఆరా కూడా తీసింది. నాలుగో రోజు హాన్‌వే ఓపిక పట్టలేక కోసేసి, ఎండురొయ్యలు వేసి బియ్యపు సేమ్యాతో వండేశాడు. గువోషెంగ్ రెండు గిన్నెలు తిని మూడోది పెట్టించుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నారు అందరూ.

"చాలా బాగుంది. అందుకే అనుమానంగా ఉంది."

ఇలా పన్నెండు వారాలు గడిచాయి. పదమూడో వారంలో మిన్యెన్ కోస్తున్న తోటలో కాపు అయిపోయి పని ఆగిపోయింది. రెండో ఏడాది వీసా కావాలంటే పొలం పని ఎనభయ్యెనిమిది రోజులు చెయ్యాలి, దానికి జీతం చీటీలు చూపించాలి. ఆమెకి అరవయ్యొక్క రోజులయ్యాయి. ఇంకా ఇరవయ్యేడు కావాలి. వీసా తొమ్మిది వారాలే ఉంది, చేతిలో డబ్బు రెండు వారాలకే ఉంది. చిలగడదుంపల షెడ్డులో పేరు రాయించి వచ్చింది కానీ అక్కణ్ణుంచి కబురు లేదు. ఏడాదికే తిరిగి వెళ్తే మళ్లీ అదే బ్యాంకు, అదే కౌంటరు, అద్దం వెనక అదే కుర్చీ. ఆ కుర్చీ తలుచుకుంటేనే ఆమెకి ఊపిరాడేది కాదు.

సరిగ్గా అప్పుడే లియావ్ అనే మేస్త్రీ నుంచి మెసేజ్ వచ్చింది. అతనూ తైవాన్ వాడే. మూడు గంటల దూరంలో పెద్ద తోట. గది, పని, వ్యానులో రానూపోనూ, అన్నీ కలిపి వారానికి తొంభై అయిదు డాలర్లు. ముందుగా రెండొందలు కట్టాలి. శుక్రవారం పొద్దున్నే పెట్రోలు బంకు దగ్గర వ్యాను ఎక్కాలి.

మిన్యెన్ బడ్జెట్ వేసుకుంది. ఎటునుంచి కూడినా లాభమే కనబడింది. బుధవారం భోజనాల దగ్గర ఆ మాట చెప్పగానే గువోషెంగ్ చేతిలోని చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు.

"తొంభై అయిదుకి ఉత్త గది కూడా రాదు. తోట ఎవరిది? జీతం చీటీ ఎవరి పేరు మీద ఇస్తాడు?"

"ఇస్తాడులే. మనవాడే కదా."

"మనవాడు గనకే నీ భాషలో మోసం చేస్తాడు. నిఘంటువు వెతుక్కునే పని కూడా లేదు."

మిన్యెన్‌కి ఒళ్లు మండింది. "నీకు ఎనభయ్యెనిమిది రోజులు ఎప్పుడో అయిపోయాయి, నీకేం అన్నా. దేవుడొచ్చి వరమిచ్చినా రసీదు అడిగే రకం నువ్వు."

"అడగొద్దా మరి?" అన్నాడు గువోషెంగ్. అతను వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాడు. హాన్‌వే నవ్వేశాడు. మిన్యెన్ గిన్నె తీసుకుని లేచి వెళ్లిపోయింది. ఎప్పుడూ ఏదో ఒక వంక పెడతాడు, ఈయన మాట వింటూ కూచుంటే తొమ్మిది వారాలూ ఇలాగే కరిగిపోతాయి అనుకుంది.

మర్నాడు గురువారం. సాయంత్రం గువోషెంగ్ నడుం పట్టుకుని గోడవారగా నడుస్తూ వచ్చాడు. "నడుం పట్టేసింది. ఈ అద్దె కవరు డొరీన్‌కి ఇచ్చి రా. విప్పకు," అని ఆమె చేతిలో పెట్టాడు. ఇంట్లో వాళ్లంతా నోరెళ్లబెట్టారు.

డొరీన్ తడి చేతులు తుడుచుకుని, వంటగది బల్ల మీద నోట్లు పరిచి లెక్కపెట్టింది. "ఆరొందలు. ఎప్పట్లాగే సరిపోయింది."

"ఆరొందలేనా?" అంది మిన్యెన్.

"రెండేళ్లుగా అంతేనమ్మా. ఎందుకు పెంచట్లేదని మీవాడే నన్ను నిలదీస్తుంటాడు."

వీధిలోకి వచ్చాక మిన్యెన్‌కి కాళ్లు ఆగిపోయాయి. బ్యాంకు పిల్ల, ఆమెకి కాగితం అక్కర్లేదు. తలా నూట పదిహేను అంటే ఆరుగురికి ఆరొందల తొంభై. వారానికి తొంభై డాలర్లు ఏమవుతున్నాయి? తన వాటా వారానికి పదిహేను, పదమూడు వారాలకి నూట తొంభై అయిదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా కూచుని ఐస్‌క్రీముల లెక్క అడిగే మనిషి తమ జేబులోంచే కొట్టేస్తున్నాడన్నమాట. ఆ గుమ్మడికాయ నాటకం, ఆ ఎర్ర పెన్ను, ఆ 'బాధ: ఆరు డాలర్లు', అన్నీ ఎత్తులే అయ్యుంటాయి. అడిగితే గొంతు పగిలేలా అరుస్తానని భయపడి ఎవరితోనూ మాట్లాడలేదు. బట్టలు సర్దుకుంది.

శుక్రవారం పొద్దున్న బంకు దగ్గర వ్యాను సిద్ధంగా ఉంది. లియావ్ బొద్దుగా, నవ్వుముఖంతో ఉన్నాడు.

"తిన్నావా చెల్లీ? ఇదిగో సోయా పాలు. డబ్బులేం వద్దులే, తాగు."

మామూలు రోజైతే గటగటా తాగేసేది. ఆ రోజు ఆమెకి లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. డబ్బాలు మోసి, తువ్వాలు కట్టుకుని, రోజూ కళ్లెదుట తిరిగిన మనిషే అలా చేశాడు. ఈ ముక్కూమొహం తెలియని వాడు పాలెందుకు ఇస్తున్నాడు?

"రెండొందలు తెచ్చావా?"

"తెచ్చాను. రసీదిస్తారా?"

లియావ్ నవ్వాడు. "మనలో మనకి రసీదేంటి చెల్లీ?"

మిన్యెన్ అతన్ని ఎగాదిగా చూసింది. రసీదు లేకుండా డబ్బు తీసుకునే తైవాన్ వాణ్ణి ఆమె పుట్టాక చూడలేదు.

"జీతం చీటీ మీద ఏ కంపెనీ పేరుంటుంది?"

"ఉంటుందిలే, ఏదో ఒకటి."

"వాన పడి పని లేని రోజు అద్దె తగ్గిస్తారా?"

"అక్కడికెళ్లాక చూద్దాం, ఎక్కు ముందు."

"మీ వ్యాను నంబరు రాసుకుంటాను."

లియావ్ ముఖంలో నవ్వు ఎటో పోయింది. "నమ్మకం లేనివాళ్లతో నాకు పని లేదు."

"నమ్మకానికి నా బడ్జెట్‌లో చోటు లేదు," అంది మిన్యెన్. అనేశాక ఈ గొంతు ఎవరిదా అని తనకే ఆశ్చర్యమేసింది. వ్యాను ఆమె లేకుండానే వెళ్లిపోయింది.

సంచీ ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి గువోషెంగ్ తడిబట్టల నిండు బకెట్టు ఒంటిచేత్తో ఎత్తి ఆరేసే తీగ కిందకి తీసుకెళ్తున్నాడు.

"నడుం ఏమైంది?"

"తగ్గింది," అని అతను ఆమె సంచీ వంక చూశాడు. "వ్యానెక్కలేదా?"

"అది తర్వాత. వారానికి తొంభై డాలర్లు ఏం చేస్తున్నావ్?"

గువోషెంగ్ బకెట్టు కింద పెట్టాడు. అతని ముఖం వెలిగిపోయింది. "పదమూడు వారాలు పట్టింది. పైగా బ్యాంకులో చేశానన్నావ్."

లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో ఆరు ఎర్ర కవర్లున్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. గువోషెంగ్ పేరుతో కూడా ఒకటుంది.

"పని దొరకని వారాలు బడ్జెట్‌లో ఎవరూ రాసుకోరు. రాయమంటే, నాకు రావులే అంటారు. అందుకని అద్దెలో కలిపేశా. వెళ్లేటప్పుడు ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తా. ముందే కనిపెడితే ముందే ఇస్తా."

"ఇప్పటిదాకా ఎంతమంది కనిపెట్టారు?"

"ఒక్కళ్లూ లేరు. మీ అందరి గురించీ నాకెంత దిగులో నీకు తెలీదు."

మిన్యెన్‌కి ఇంకో సంగతి అప్పుడు తట్టింది. "నిన్న కవరిచ్చి నన్నే ఎందుకు పంపావ్? డొరీన్ లెక్కపెడుతుందని తెలుసు. నిన్ను దొంగనుకుంటానని తెలుసు."

"అనుకోవాలనే పంపా." గువోషెంగ్ తడిచొక్కా ఒకటి తీసి పిండడం మొదలుపెట్టాడు. "వ్యాను గురించి చెప్తే నువ్వు వినలేదు. మొదటి నెలలో నేనూ వినలేదు, అలాంటి వ్యానే ఎక్కా. నలభై రోజులు కోశా, ఒక్క రోజూ లెక్కలోకి రాలేదు. నీకు అనుమానం రావాలి. లియావ్ మీద రాదు, వాడు నవ్వుతాడు. దగ్గర్లో అనుమానించడానికి నేనే ఉన్నాను."

 రాత్రంతా ఈ మనిషిని తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి మిన్యెన్‌కి సిగ్గేసింది. అంత సిగ్గులోనూ, ఇంత వంకర దారిలో మంచి చేసేవాణ్ణి ఎక్కడా చూడలేదని నవ్వూ వచ్చింది.

కిటికీలోంచి హాన్‌వే తల బయటపెట్టాడు. "అన్నా, నా కవర్లో ఎంతుంది?"

"నువ్వు కనిపెట్టలేదు."

"ఇప్పుడు విన్నాగా."

"విన్నది చెల్లదు. వెళ్లి అన్నం కుక్కరు ఆన్ చెయ్యి."

ఆ కవరు మిన్యెన్‌కి ఇంకో వారం తిండీ అద్దే చూసింది. మూడో వారం చివర చిలగడదుంపల షెడ్డు నుంచి కబురొచ్చింది, వీసా గడువుకి నాలుగు రోజుల ముందు ఆమె ఎనభయ్యెనిమిదో రోజు పూర్తి చేసింది. అదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం ఆమె వరండా మెట్ల మీద కూచుని, బ్యాంకులో నేర్చుకున్నట్టు బొటనవేలితో నోట్లు చకచకా లాగుతూ లెక్కపెట్టింది. ఆగి మళ్లీ లెక్కపెట్టింది.

"ఐదు తక్కువున్నాయి," అంది.

గువోషెంగ్ చొక్కా తీగ మీద వేసి, జేబులోంచి మడతపెట్టి ఉంచిన ఐదు డాలర్ల నోటు తీసి ఇచ్చాడు. అతని ముఖం పిల్ల పరీక్ష పాసైన తండ్రి ముఖంలా ఉంది.

"ఇక నువ్వు ఎక్కడికైనా వెళ్లొచ్చు," అన్నాడు.

"వెళ్తాలే అన్నా. ముందు అన్నం తింటాను," అంది మిన్యెన్, సంచీ లోపల పెడుతూ.