కడిగి తాళం వేసినవాడు

వెర్లన్ స్టబ్స్ పెరిగిన ఇంట్లో ముందుగదిలో తెల్ల సోఫా ఒకటుండేది. దాని ప్లాస్టిక్ తొడుగు తీసిన పాపాన వాళ్లమ్మ పోలేదు, దాని మీద కూర్చున్నవాళ్లూ లేరు. శుభ్రమంటే ఎవరూ వాడకపోవడమని వెర్లన్ అక్కడే నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఇంకేదైనా నేర్చుకున్నట్టు నాకు కనిపించలేదు.

మా ఊళ్లో పేవ్‌మెంట్ల మీద గుడారాలు వేసుకున్నవాళ్లకి కామెర్లు అంటుకున్న ఏడు, కార్లు కడిగే వెర్లన్ రోడ్లు కడిగే ముఠాకి మేస్త్రీ అయ్యాడు. రోగం మలం నుంచి చేతులకీ, చేతుల నుంచి నోటికీ పాకుతుందనీ, వీళ్లకి మరుగుదొడ్లూ కుళాయిలూ కావాలనీ నర్సులు మొత్తుకున్నారు. ఊరి పెద్దలు బాగా ఆలోచించి, రోడ్లు కడగమన్నారు.

నేను పనిచేసే లైబ్రరీ తెరిచే వేళకి అతని లారీ వచ్చేది. బ్లీచింగు నీళ్లు చల్లాక కాసేపు నానితేగాని క్రిమి చావదు. ఎదుటి కాఫీ కొట్టువాళ్లు వాసనకి మొహం చిట్లిస్తే చాలు, వెర్లన్ వెంటనే గొట్టం తిప్పి కడిగేసేవాడు. ఆ వీధి మొత్తానికి ఉన్న ఒక్క మరుగుదొడ్డినీ అద్దంలా తోమి, తాళం వేసి, తాళంచెవి నడుముకి తగిలించుకునేవాడు.

దాని పక్కనే నీలం గుడారంలో రమోనా టీగ్ ఉండేది. ఒకప్పుడు బడి బస్సు నడిపిన మనిషి.

“ఏం వెర్లన్, ఇవాళ కూడా రోడ్డుకి తలంటేనా?”

“గుడారం పక్కకి లాగు. అడుగున మరకుంది.”

“లాగుతాలే. ముందా తాళం తియ్యి, కడుపు నొప్పెడుతోంది.”

“ఇప్పుడే కడిగాను.”

“కడిగింది దేనికి నాయనా, దణ్ణం పెట్టుకోడానికా?”

“తెరిస్తే పాడుచేస్తారు. శుక్రవారం కౌన్సిలరమ్మ వస్తోంది.”

“ఆవిడకి అవసరమొస్తే తీస్తావా?”

ముఠావాళ్లు నవ్వారు. వెర్లన్ నవ్వలేదు. రమోనా గుడారం లాగనూ లేదు. బకెట్టు పట్టుకుని, గుడారాల్లోవాళ్లంతా పోయినట్టే, కార్లు నిలిపే చోటు వెనక్కి పోయింది. మర్నాడు వెర్లన్ అదీ కడిగి, ముందొకటీ తర్వాతొకటీ ఫొటోలు తీసుకున్నాడు.

శుక్రవారం కౌన్సిలరమ్మ వచ్చింది. తలుపు తీయించి చూసి, “కొత్తదానిలా ఉందే” అంది.

“ఎవర్నీ వాడనివ్వలేదు మేడమ్.”

ఆవిడ మెచ్చుకుంది కూడా. గుడారం ముందు కూర్చున్న రమోనా కళ్లు అప్పటికే పచ్చబడ్డాయి.

“అమ్మా, ఆ తలుపు అలా తీసే ఉంచమని చెప్పండి. మాకింకో చోటు లేదు.”

“తప్పకుండా పరిశీలిస్తాం” అని, తనని తీస్తున్న ఫొటోలో గుడారం పడకుండా రెండడుగులు జరిగి నిలబడింది. ఆవిడ కారెక్కగానే తాళం పడింది.

రమోనాని అంబులెన్సు తీసుకుపోయింది. లివరు చెడిపోయి ఆసుపత్రిలోనే చనిపోయిందని నర్సు వచ్చి చెప్పింది. ఆ మధ్యాహ్నమే వెర్లన్ గుడారం చుట్టి లారీలో పడేశాడు. దాని కింద, గొట్టం ఎన్నడూ అందని చోట, నల్లటి చదరం మిగిలింది. దాని మీద బ్లీచింగు పోసి, నానాల్సినంతసేపూ నాననిచ్చాడు. నేను చూసినంతలో అదే మొదటిసారి. తర్వాత ఓపిగ్గా కడిగి ఫొటో తీశాడు.

నేను లైబ్రరీ మెట్లు దిగుతుంటే పిలిచి ఆ చోటు చూపించాడు.

“చూశారా సార్, ఎవరూ లేకపోతే ఎంత బావుందో.”