ఇస్సాకు సార్ బొటనవేలు

ఆళ్లగడ్డలో ఇస్సాకు సార్ ముఖం చూడనివాళ్లు ఉండొచ్చేమో గానీ, ఆయన కుడి బొటనవేలు చూసినవాళ్లు ఒక్కరూ లేరు. తొమ్మిదేళ్లుగా దానికి తెల్లగుడ్డ కట్టు. ఎండాకాలం కట్టే, వానాకాలం కట్టే, చర్చిలో రొట్టె అందుకునేటప్పుడూ కట్టే. గాయమైతే ఎప్పుడో మానేది. వేలిముద్రల మిషన్ కంట తన వేలు పడకూడదని ఆయన పంతం.

ఆ కట్టు కింద ఏముందో ఊళ్లో తిరిగినన్ని కథలు బెలుం గుహల్లో గబ్బిలాలు కూడా తిరగవు. అసలు వేలే లేదని కొందరు. గోరుండాల్సిన చోట కన్నుందని ఇంకొందరు. చర్చిలో పాటలు పాడే బ్లెస్సీ అయితే, అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆ కట్టు దానంతటదే కదిలిందని బైబిలు మీద చెయ్యేసి చెప్పింది. మరి నువ్వెట్లా చూశావని అడిగినవాడు లేడు.

ఈ వేలి వల్ల అందరికంటే ఎక్కువ నలిగినవాడు రేషన్ స్టోరు డీలరు ఫ్రాన్సిస్. చిన్నప్పుడు సార్ దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు కాబట్టి తిట్టనూ లేడు. ప్రతి నెలా బియ్యం ఇచ్చే మొదటి రోజు, వరసలో మొదటి మనిషి సారే.

"వేలు పెట్టండి సార్."

సార్ కట్టుతోనే పెడతాడు. మిషన్‌లోంచి ఒక ఆడగొంతు, ఏ ఊరిదో ఏ ఇంటిదో తెలియని గొంతు, "వేలిముద్ర సరిపోలలేదు" అంటుంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"గుడ్డ తీయండి సార్, మీకు దండం పెడ్తా."

"గాయం మానల్యారా."

"తొమ్మిదేండ్ల నుంచీనా?"

"తాళంచెవి పోతే ఇంగోటి చేపిచ్చుకుంటాం. వేలిముద్ర దొంగలపాలైతే ఇంగో వేలు యాడ మొలిపిచ్చుకోవల్లరా? ఆ మిషన్ కంపెనీవోన్ని అడుగుదామంటే వానికి తట్టేదానికి తలుపే లేదు. మిషన్ కాదంటే బుక్కులో రాసి ఇయ్యమని గవర్నమెంటోళ్లే చెప్పినారు. ఇదో జీవో. బుక్కు తియ్యి."

మడతలు పడి గుడ్డలా మెత్తబడిన కాగితం జేబులోంచి బయటికొస్తుంది. ఆ బుక్కంటే ఫ్రాన్సిస్‌కు చావు. పేరు రాయాలి, కారణం రాయాలి, సంతకం పెట్టించాలి, మళ్లీ ఆఫీసుకు చూపించాలి. అయినా బీరువా మీద నుంచి దించుతాడు. దుమ్ము లేచి సగం వరస తుమ్ముతుంది.

నిజం చెప్పాలంటే మిషన్లంటే ఫ్రాన్సిస్‌కూ లోలోపల దడే. ఒకరోజు అతని భార్య నిర్మల మోకాళ్ల నొప్పులని మూలిగింది. ఎవరికీ చెప్పలేదు, గోడకు చెప్పుకుంది. కాసేపటికి ఫోన్లో మోకాళ్ల నూనె ప్రకటన.

"మొగుని కంటే ముందు ఫోనే వినింది. నీ మీద అదే నయం గదరా" అన్నాడు సార్, ఆ సంగతి విని.

నిర్మల జడుసుకుని ఫోన్ని ఖాళీ ఊరగాయ జాడీలో పెట్టి మూతేసింది. తర్వాత జాడీలోంచి "మీరు చెప్పింది అర్థం కాలేదు" అని వినబడింది. ఆ రోజంతా వాళ్లింట్లో ఎవరూ మాట్లాడుకోలేదు.

అంతకంటే వింత పోయిన నెల జరిగింది. నల్లమల అంచున గూడెం నుంచి నాగేశ్వరమ్మ వస్తుంది. కుంకుడుకాయలు కొట్టీ కొట్టీ ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఎప్పుడూ సరిపోలలేదనే మిషన్ ఆ మిట్టమధ్యాహ్నం మాట మార్చింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. బ్యాటరీ మీద ఆ గొంతు ఒక్కటే, చల్లగా:

"ఈ లబ్ధిదారు మరణించారు."

"ఎవురు నాయనా సచ్చిపోయింది?" అంది నాగేశ్వరమ్మ.

"నువ్వేనంట అవ్వా."

"ఎప్పుడంట?"

"పన్నెండో తేదీన."

ఆమె వేళ్ల మీద రోజులు లెక్కేసుకుంది. "ఆ పొద్దు అడివిలో కుంకుడుకాయలు ఏరనీకె పోయింటినే. నాకెవురూ చెప్పల్యా."

వెనకున్న శాంతయ్య రెండడుగులు వెనక్కేసి, ఆమె పాదాలు ముందుకున్నాయా వెనక్కున్నాయా అని చూశాడు. ముందుకే ఉన్నాయి. నీడ కోసం చూశాడు. మిట్టమధ్యాహ్నం కాబట్టి నీడ కనబడలేదు. అంతే, వరస చెదిరిపోయింది.

"బుక్కులో రాయరా" అన్నాడు సార్.

"అరిగిన వేళ్లకు బుక్కుండాది సార్. సచ్చిపోయినోళ్లకు ల్యా. వచ్చే నెలకు సరిచేపిచ్చకుంటే కార్డే కొట్టేస్తారంట."

ఆ పూట ఆమెను ఎక్కించుకున్న ఆటో శాంసన్, అద్దంలో ముసలమ్మ కనబడుతోందా మాయమైందా అని దారి పొడుగునా అద్దమే చూస్తూ నడిపాడు. దారికి అడ్డొచ్చిన మూడు మేకలు ఎట్లా బతికాయో వాటికే తెలియాలి.

ఈ నెల మొదటి రోజు వచ్చింది. వరస ఉంది, సార్ లేడు. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. ఫ్రాన్సిస్ సార్ కూర్చునే బెంచీ ఖాళీగా ఉండటం చూస్తుండగా, ఎవరూ వేలు పెట్టకుండానే మిషన్ "వేలిముద్ర సరిపోలలేదు" అంది. ఫ్రాన్సిస్ ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

వరసలో ముందున్న కమలమ్మ, హోటల్లో అంట్లు తోమీ తోమీ వేళ్లు అరిగిన మనిషి, మెల్లగా సంచి మడుచుకుంది.

"యాడికి పోతాండావ్ అక్కా?"

"ఇస్సాకు అయివారు రాల్యా గదప్పా. ఇంగ నువ్వు బుక్కు తియ్యవు."

ఆమె వెనకే రాళ్లు కొట్టే శంకరయ్య కూడా తిరిగాడు. ఫ్రాన్సిస్ బీరువా మీద నుంచి బుక్కు దించి పేజీలు తిప్పాడు. ప్రతి నెలా మొదటి పేరు ఇస్సాకు. దాని కింద కమలమ్మ, శంకరయ్య, నాగేశ్వరమ్మ, ఇంకో ఎనిమిది మంది. తాను వాళ్ల కోసమని బుక్కు తెరిచిన నెల ఒక్కటీ లేదు. పిచ్చాయన కోసం తెరిస్తే, ఆ తెరిచిన పేజీలో వీళ్లందరూ ఒదిగారు.

"అక్కా, ఉండు" అన్నాడు. మొదటి పేరు కమలమ్మ అని రాశాడు.

అప్పుడే నంద్యాల బస్సు దిగి సార్, వెనకే నాగేశ్వరమ్మ వచ్చారు. సార్ వేలికి కట్టు లేదు. తొమ్మిదేళ్లు ఎండ తగలని ఆ వేలు పాలిపోయి, ముడతలు పడి, నీళ్లలో నానిన శవానిదిలా ఉంది. చచ్చి బతికిన మనిషిని వదిలేసి వరసంతా ఆ వేలిని చూసి వెనక్కి జరిగింది.

"ఏందీ సార్ ఇది?"

"మూడు సోమవారాలు నంద్యాల ఆఫీసు చుట్టూ తిరిగినాం. ఆయమ్మ బతికుండాదని సాక్షి కావల్లంట. సాక్షి వేలు పెట్టల్లంట."

"పెట్టినారా?"

"పెడితిని. పక్కన ఊపిరి తీసుకుంటా నిలబడిందిరా, ఏం చేద్దు?" సార్ వేలిని పిడికిట్లో దాచుకున్నాడు. "ఎప్పుడో ఆధార్‌కు ఒక్కసారి ఇచ్చింటి. ఈ పొద్దు వేలు పెట్టీ పెట్టకముందే ఆడి మిషన్ 'ధన్యవాదాలు ఇస్సాకు గారూ' అనింది. నన్ను మర్చిపోనేల్యా అది."

నాగేశ్వరమ్మ మిషన్ మీద వేలు పెట్టింది. వెనక్కి జరిగిన వరస మళ్లీ ముందుకొచ్చింది.

"వేలిముద్ర సరిపోలలేదు."

"అంటే ఏంది నాయనా?"

"బతికినావంట అవ్వా" అన్నాడు ఫ్రాన్సిస్. ఆమె పేరు కూడా బుక్కులోకి ఎక్కింది.

తెరిచిన పేజీ, అందులో మొదటి పేరు సార్ చూశాడు. "నేను రాకముందే తీసినావే. ఇంగ నా కట్టుతో పనేముందిరా?"

ఫ్రాన్సిస్ భుజం మీది తువ్వాలు అంచు చింపాడు. సార్ వేలు పట్టుకుని గట్టిగా చుట్టి ముడేశాడు.

"ఉండనీ సార్. జనం జడుసుకుంటాండారు."

సార్ అలవాటు కొద్దీ వేలు పెట్టాడు. మిషన్ ఎప్పటికంటే ఎక్కువసేపే ఆలోచించింది. అన్నీ తెలిసినా ఏమీ తెలియనట్టు నటించే మనిషిలా చెప్పింది:

"వేలిముద్ర సరిపోలలేదు."